ఆటో క్వీన్ ఆఫ్ చేసి చూడండి

మన హాస్టల్లో చెస్ బోర్డు మీద కంటే ఫోన్లోనే ఎక్కువ ఆడతారు. ఆన్‌లైన్ ఆటలో ఆటో క్వీన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే బంటు చివరి గడికి చేరగానే, "నీకేం కావాలి" అని అడక్కుండానే క్వీన్ అయిపోతుంది. బుల్లెట్ ఆడేవాళ్ళకి ఇది ప్రాణం. వాళ్ళతో నాకు పేచీ లేదు, దాదాపు ఎప్పుడూ క్వీనే సరైన జవాబు కూడా. కానీ పజిల్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ సెట్టింగ్‌నీ, దాంతోపాటు ఇంజన్‌నీ ఆపేయాలన్నది నా వాదన. ఎందుకో చెప్పడానికి ఒకే ఒక్క పొజిషన్ చాలు.

ముందు ఒక మాట. మా ఇంట్లో క్వీన్‌ని మంత్రి అనేవారు, రూక్‌ని ఏనుగు అనేవారు. కొన్ని ఇళ్ళల్లో ఏనుగంటే వేరే పావు అని తెలుసు. గొడవ వద్దు, ఇక్కడ ఏనుగంటే మూలన ఉండే రూకే.

పొజిషన్ ఇది. తెల్ల రాజు బి6లో, తెల్ల బంటు సి6లో. నల్ల రాజు ఎ1 మూలన, నల్ల ఏనుగు డి5లో. బోర్డు మీద ఉన్నవి ఈ నాలుగే. తెల్లవాళ్ళ ఎత్తు, గెలవాలి.

మొదటి ఎత్తు ఎవరైనా చెప్తారు. బంటు సి7కి. నల్ల ఏనుగు డి6కి వచ్చి చెక్ ఇస్తుంది. అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. రాజు ఎటు వెళ్ళాలి? బి7కి వెళ్తే ఏనుగు డి7కి వచ్చి బంటుని రాజుకి కట్టేస్తుంది, తర్వాత తినేస్తుంది. సి5కి వెళ్తే? చూడ్డానికి బాగానే ఉంటుంది, ఏనుగు మీదకే వెళ్తున్నాం కదా. కానీ ఏనుగు డి1కి దిగిపోతుంది. ఇప్పుడు బంటు క్వీన్ అయితే సి1 నుంచి వెనకగా చెక్. రాజు తప్పుకోక తప్పదు, వెనకున్న క్వీన్ పోతుంది. అంటే రాజు ఇప్పుడప్పుడే సి ఫైలులో కాలు పెట్టకూడదన్నమాట. అందుకే బి5. ఏనుగు డి5 నుంచి చెక్, రాజు బి4. డి4 నుంచి చెక్, రాజు బి3. డి3 నుంచి చెక్, ఇప్పుడు రాజు సి2.

ఇన్ని ఎత్తులు తప్పించుకున్న సి ఫైలులోకి ఇప్పుడెందుకు వచ్చాడు? సి2లో నిలబడితే డి1 గడికి రాజే కాపలా. ఏనుగుకి ఇక వెనక నుంచి వచ్చే దారి లేదు. ఈ మెట్లు దిగడం నాకు చాలా ఇష్టం. ఒక్కో మెట్టుకీ ఒక కారణం ఉంది.

అయిపోయిందనుకుంటాం. నల్ల ఏనుగు డి4కి వెళ్తుంది. చేతులెత్తేసినట్టు కనిపించే ఎత్తు. మనం ఉత్సాహంగా సి8లో క్వీన్ చేస్తాం. అది సి4కి వచ్చి చెక్ ఇస్తుంది. క్వీన్‌తో తినాల్సిందే, లేకపోతే క్వీనే పోతుంది. తిన్నాక నల్ల రాజు వంక చూడండి. ఎ2 గడి క్వీన్ చూపులో, బి1, బి2 మన రాజు కాపలాలో. చెక్ లేదు, కదలడానికి చోటూ లేదు. స్టేల్‌మేట్, డ్రా.

ఇక్కడ క్వీన్ వద్దు. సి8లో ఏనుగు చేయాలి. ఇప్పుడు ఎ8 నుంచి ఆటకట్టు బెదిరింపు ఉంది. సి4 ట్రిక్ పనిచేయదు, తినేస్తే నల్ల రాజుకి ఎ2 గడి మిగిలే ఉంటుంది, అక్కడికి వెళ్ళాక ఎ4లో ఏనుగుతో ఆటకట్టు. కాబట్టి నల్ల ఏనుగు ఎ4కి వచ్చి అడ్డుకోవాలి. అప్పుడు మన రాజు నెమ్మదిగా బి3కి. ఒకే ఎత్తులో రెండు పనులు: ఎ4లో ఏనుగు మీద దాడి, సి1లో ఆటకట్టు బెదిరింపు. రెండూ ఆపడం నల్లవాళ్ళ వల్ల కాదు. రెండు వైపులా చెరొక ఏనుగు, బంట్లు లేవు. మామూలుగా అయితే షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని డ్రా అనుకునే పొజిషన్.

దీన్ని సావెద్రా పొజిషన్ అంటారు. 1875లో ఫెంటన్, పాటర్ ఆడి డ్రాగా ముగించిన ఒక ఆట దీనికి మూలం. 1895లో బార్బియే అనే ఆయన గ్లాస్గో వీక్లీ సిటిజన్ పత్రికలో తన చెస్ శీర్షికలో దీన్నే కాస్త మార్చి, నల్లవాళ్ళు ఆడి డ్రా చేయాలి అని పజిల్‌గా ఇచ్చాడు. ఆ స్టేల్‌మేట్ ట్రిక్కే ఆయన జవాబు. అప్పుడు గ్లాస్గోలో ఉంటున్న ఫెర్నాండో సావెద్రా అనే స్పెయిన్ మతగురువు, పెద్ద ఆటగాడేమీ కాదు, ఏనుగు చేస్తే తెల్లవాళ్ళే గెలుస్తారని చూపించాడు. చెస్ చరిత్రలో ఆయన పేరు నిలిచింది ఆ ఒక్క ఎత్తుతోనే. అచ్చయిన జవాబు ముందున్నా, మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాడు. నాకు ఆ ఎత్తు కంటే ఈ విషయమే ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు మన గ్రూపు సంగతి. ఎవరైనా పజిల్ పెడతారు. నిమిషం తిరగకుండానే ఇంకెవరో ఇంజన్ లైన్ మొత్తం పేస్ట్ చేస్తారు. పది థంబ్స్ అప్‌లు. అంతే, ఫస్టియర్ వాళ్ళు ఎవ్వరూ నోరెత్తరు. ఆ లైన్ పెట్టిన మనిషిని "రాజు సి5కి ఎందుకు వెళ్ళకూడదు బ్రో" అని అడగండి. "ఇంజన్ డ్రా అంటోంది" అంటాడు. అది కారణం కాదు కదా.

మా రూమ్మేట్ వాదన వేరు. "జవాబు కరెక్టే కదరా, ఎలా వస్తే ఏంటి?" అంటాడు. అతని మాటలో సగం నిజముంది. రాజులతో కలిపి ఏడు పావుల వరకు ఉండే ఎండ్‌గేమ్‌లకి జవాబులు 2012 నాటికే మాస్కో స్టేట్ యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ మీద లెక్కకట్టేశారు. మన నాలుగు పావులు దానికి లెక్కే కాదు. జవాబు కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, ఒప్పుకుంటా. కానీ ఆ టేబుల్ పొజిషన్‌కి జవాబు చెప్తుంది తప్ప మన బుర్రలో ఏ మెట్టు లేదో చెప్పదు. రేపు బోర్డులో ఒక్క గడి మారితే మళ్ళీ దాన్నే అడగాలి. వైవాలో కోడ్ రన్ చేసి చూపించి, "ఈ లూప్ ఎందుకు ఇక్కడ ఆగింది" అనగానే తెల్లమొహం వేయడం మనకి కొత్తా?

ఇంజన్ వద్దనడం లేదు. మనం తిప్పలు పడ్డాక అడిగితే అది మంచి గురువు, ముందే అడిగితే పక్క బెంచీ స్లిప్పు.

మధ్యలో ఒక తమాషా. మన దేశంలో పాతకాలపు చదరంగంలో బంటు ఏ ఫైలులో చివరికి చేరితే ఆ ఫైలులో మొదట ఉండే పావే అయ్యేది. ఆ లెక్కన సి8 చేరిన మన బంటు క్వీనూ కాదు, ఏనుగూ కాదు, బిషప్ అవుతుంది. ఈ పజిలే ఉండేది కాదు. ఏం కావాలో ఎంచుకునే వీలు రూల్ ఇచ్చింది, మనమేమో సెట్టింగ్ పెట్టుకుని దాన్ని వదిలేస్తున్నాం.

అందుకని క్లబ్ వాళ్ళకి నా ప్రతిపాదన: పజిల్ పెట్టిన రోజు రాత్రి పదింటి దాకా గ్రూపులో ఇంజన్ లైన్లు వద్దు. తప్పైనా సరే, సొంత లైనే పెట్టాలి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. తప్పు లైను పెట్టినవాళ్ళని ఏడిపించకూడదు, ముఖ్యంగా సీనియర్లు.

మొదటి పజిల్ నేనే ఇస్తున్నా. పై పొజిషన్‌లో నల్ల రాజుని ఎ1 నుంచి ఎ2కి జరపండి, మిగతాదంతా అదే. ఇప్పుడు మన రాజు బి3కి రాలేడు. మరి మెట్లు ఎలా దిగాలి? చివర్లో ఏనుగే చేయాలా, క్వీన్ చేసినా సరిపోతుందా? రాత్రి పదింటి దాకా టైముంది.