ఫైనాన్స్ గణితం చదువుతానంటే కాదనకండి

ఎస్టీపీఎం, మెట్రిక్యులేషన్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన తెలుగు ఇళ్లలో జరిగే చర్చ ఎప్పుడూ ఒకటే. మార్కులు బాగా వస్తే మెడిసిన్, కొంచెం తగ్గితే ఇంజనీరింగ్, అదీ కుదరకపోతే అకౌంటెన్సీ. మా కౌలా సెలంగోర్ వైపు లెక్కల్లో చురుకైన పిల్లలెవరైనా ఫైనాన్షియల్ మ్యాథమేటిక్స్ చదువుతామంటే పెద్దలు వెంటనే అడిగేది, "అది చదివి ఏమవుతావు? బ్యాంకులో గుమస్తావా, బళ్లో లెక్కల మాస్టారువా?" అని. ప్రశ్న న్యాయమైనదే. కానీ జవాబు వినకుండానే వద్దనేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ముందు ఆ చదువేమిటో చూద్దాం. మొదట్లో కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గణాంకశాస్త్రం ఉంటాయి. తర్వాత వడ్డీ సిద్ధాంతం, బాండ్లకు విలువ కట్టడం, ఆప్షన్లు, ఫ్యూచర్ల ధరలు, రిస్కును కొలవడం వస్తాయి. పక్కనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నడుస్తుంది. జరిగిపోయిన లావాదేవీలకు లెక్క రాసేది అకౌంటెన్సీ అయితే, ఇంకా జరగని వాటికి ఈరోజు వెల కట్టేది ఈ గణితం. మలేషియాలో తెరెంగాను విశ్వవిద్యాలయం (యూఎంటీ) ఈ పేరుతోనే డిగ్రీ ఇస్తోంది. యూకేఎంలో దీనికి దగ్గరి చుట్టమైన ఆక్చువేరియల్ సైన్స్ ఉంది.

మన జిల్లాకూ దీనికీ సంబంధమేమిటంటారా? 1917లో హెన్రీ ఫొకోనియే అనే ఫ్రెంచి దొర తెన్నమరం ఎస్టేటులో పామాయిల్ మొక్కలు నాటించాడు. మలేషియాలో వాణిజ్య స్థాయిలో వేసిన మొదటి పామాయిల్ తోట అదే. అది బతాంగ్ బెర్జుంతాయ్‌లో, అంటే నేటి బెస్తారి జయలో, మన కౌలా సెలంగోర్ జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చిన మన పెద్దలు ఈ దేశపు రబ్బరు, కొబ్బరి, పామాయిల్ తోటల్లో కూలీలుగా బతికారు. వారి కూలి ఎంతో దొర, కంగాణీ చెప్పేవారు. పంట ధర ఎక్కడ, ఎలా తేలుతుందో వారికి తెలిసే దారి లేదు.

ఆ పామాయిల్‌కు 1980 నుంచి కౌలాలంపూర్‌లో ఫ్యూచర్స్ మార్కెట్ ఉంది. ఒక్కో కాంట్రాక్టు 25 టన్నులు. ఇప్పుడు బుర్సా మలేషియాలో సాగే ఈ వ్యాపారాన్ని చూసే ప్రపంచం పామాయిల్ ధరను అంచనా వేసుకుంటుంది. మూడు నెలల తర్వాత అమ్మబోయే నూనెకు ఇప్పుడే ధర ఖాయం చేసుకుంటే ఎంత లాభం, ఎంత రిస్కు అన్నది తేల్చేది ఈ గణితమే. తాత గెలలు కోసిన తోట పంటకు మనవరాలు ధర లెక్క కడితే అంతకంటే కావలసిందేముంది?

ఉద్యోగం సంగతి అలా ఉంచి ఇంటి సంగతి చూడండి. మలేషియాలో కారు రుణాలు చాలాకాలంగా ఫ్లాట్ రేటు మీద ఇస్తూ వచ్చారు. 50,000 రింగిట్ల రుణం, 3 శాతం ఫ్లాట్ రేటు, అయిదేళ్ల గడువు అనుకుందాం. వడ్డీ 7,500 రింగిట్లు, నెల వాయిదా సుమారు 958. మనం నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటాం, వడ్డీ మాత్రం మొదట తీసుకున్న మొత్తం మీదే పడుతుంది. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే రేటు ఏడాదికి దాదాపు 5.6 శాతం అవుతుంది. ఊళ్లో "నూటికి రెండు" అంటే నెలకని, ఏడాదికి ఇరవై నాలుగని చదువు లేని అవ్వకు కూడా తెలుసు. డిగ్రీలున్న మనమే ఇక్కడ 3 అంటే 3 అనుకుని సంతకం పెడుతున్నాం. ఎస్టేట్లు మూతపడి పట్నాలకు చేరిన కుటుంబాల్లో చేతికొచ్చిన కాస్త డబ్బూ నిలబడక ఆలాంగ్‌ల అప్పుల్లో చిక్కుకున్నవారున్నారు. ఇంటికొక్కరు ఈ లెక్క తెలిసినవారుంటే అంత దూరం పోయేది కాదు.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని దాదాపు వెయ్యేళ్ల కిందటే పావులూరి మల్లన తెలుగు చేశాడు. వడ్డీ లెక్కలకు ఆ మూలగ్రంథంలో పెద్దపీటే ఉంది. తెలుగింట పుట్టి, విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా చెప్పుకునే పేరయ్యారు.

అయితే భ్రమలూ వద్దు. ఇది షేర్లలో రాత్రికి రాత్రి కోట్లు గడించే మంత్రం కాదు. ఆప్షన్ల ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రం 1973లో వచ్చింది. ఆ కృషికి షోల్స్, మెర్టన్‌లకు 1997లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. మరుసటి ఏడాదే వారిద్దరూ భాగస్వాములుగా ఉన్న ఎల్‌టీసీఎం ఫండ్ కుప్పకూలింది. అదే ఏడాది సెప్టెంబరులో మన ప్రభుత్వం రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేయాల్సి వచ్చింది. 2005 దాకా ఆ ముడి విప్పలేదు. సూత్రం ఎంత గొప్పదైనా దాని వెనుక కొన్ని ఊహలుంటాయి. అవి ఎప్పుడు తప్పుతాయో గ్రహించడం కూడా ఈ చదువులో భాగమే.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. కోర్సు పేరు చూసి మురిసిపోకండి, పాఠ్యాంశాలు చూడండి. ప్రోగ్రామింగ్, గణాంకశాస్త్రం గట్టిగా ఉన్నాయా? ఇంటర్న్‌షిప్ ఉందా? ఆక్చువరీ పరీక్షల్లో మినహాయింపులొస్తాయా? పెద్ద బ్యాంకుల్లో పరిశోధన స్థాయి ఉద్యోగాలకు సాధారణంగా మాస్టర్స్ అడుగుతారు. బీమా, బ్యాంకుల రిస్కు విభాగాలు, ఫండ్ నిర్వహణ, డేటా విశ్లేషణ మాత్రం డిగ్రీతోనే తలుపు తీస్తాయి. లెక్కలంటే ఇష్టం లేని పిల్లల్ని జీతం ఆశతో ఇటు తోయకండి. పీటీపీటీఎన్ రుణం తీసుకుంటే దాని 1 శాతం రుసుము మొత్తం ఎంతవుతుందో ముందు పిల్లల చేతనే లెక్క వేయించండి. ఆ కాగితాన్ని ఇష్టంగా పూర్తిచేసి తెస్తే సగం జవాబు మీకు దొరికినట్టే.

1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన మన తెలుగు సంఘం శాఖలు ఉగాది, సంక్రాంతి బాగానే చేస్తున్నాయి. ఫలితాలొచ్చిన వారంలో ఒక ఆదివారం పూట ఈ రంగాల్లో ఉన్న మన పిల్లల్ని పిలిపించి తల్లిదండ్రుల ముందు కూర్చోబెడితే అంతకన్నా మంచి పండుగ ఉండదు. సింగపూర్‌లోనైనా, మెల్‌బోర్న్‌లోనైనా, డల్లాస్‌లోనైనా మనవాళ్లు ఇది చేయొచ్చు. అసలు కంటే వడ్డీ ముద్దని మనవల్ని ముద్దు చేసే జాతి మనది. ఆ వడ్డీ లెక్కే చదువుతానని మనవరాలు వచ్చి అడిగితే ఒక పూట కూర్చుని వినండి. ఆ తర్వాతే నిర్ణయం చెప్పండి.