వీపు మీద నీళ్ళసంచి



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి చదివి చాలాసేపు నవ్వుకున్నాను. బెజవాడలో ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడు రాశాడు. వాడూ, వాడి బాబాయి పిల్లలూ కలిసి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని, కొండపల్లి కోటకు కాలినడకన ఎక్కాలని నిశ్చయించుకున్నారట. అందుకని వీపుకు తగిలించుకునే నీళ్ళసంచి కావాలన్నాడు. దుకాణాలవాళ్ళు దాన్ని హైడ్రేషన్ బ్యాగు అంటారు. ఆ సంచి లోపల నీళ్ళు పట్టే మెత్తని తిత్తి ఒకటి ఉంటుంది. దాన్నుంచి ఒక గొట్టం భుజం మీదుగా నోటిదాకా వస్తుంది. నడుస్తూనే చప్పరించి తాగవచ్చు.

ఇది వినగానే వాళ్ళ తాతగారు, "మేము మరచెంబుతో కొండలెక్కలేదా? నీళ్ళు మొయ్యటానికి ఇంత ఖరీదైన సంచీ ఏమిట్రా?" అన్నారట. "మాస్టారూ, అది మంచిదని మీరు పత్రికలో రాస్తే తాతయ్య ఒప్పుకుంటాడు. ఎలాంటిది కొనాలో కూడా రాయండి" అని ముగించాడు.

అంటే నన్ను సాక్షిగా నిలబెట్టాడన్నమాట! సాక్షి ఉన్నదున్నట్టు చెప్పాలి గదా. అందుచేత ముందు తాతగారి పక్షం చెబుతాను.

మరచెంబు మీలో చాలామంది చూసి ఉండరు. ఇత్తడి చెంబుకు మర బిగించే మూత, పట్టుకునేందుకు పైన పిడి. మా నాయన రైలు ప్రయాణానికి దాన్ని తీసుకుపోతే ఒక్క చుక్క ఒలికేది కాదు. పశువులు కాసేవాళ్ళు ఎండిన సొరకాయ బుర్రను తొలిచి, నీళ్ళు పోసి, తాడుకట్టి భుజాన వేసుకునేవారు. మేకతోలు తిత్తులతో వీధులలో నీళ్ళు పోసిన బిస్తీలు వాటిని వీపు మీదనే మోశారు. కాబట్టి వీపున నీళ్ళు మొయ్యటం కొత్త సంగతేమీ కాదు. కొత్తదల్లా ఆ గొట్టమే.

దాని కథ తమాషాగా ఉంటుంది. అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో విచిటా ఫాల్స్ అనే ఊరున్నది. అక్కడ ఏటా ఆగస్టు ఎండలో సైకిలు యాత్ర జరుగుతుంది. వంద మైళ్ళు, అంటే 160 కిలోమీటర్ల దూరం! 1989లో మైకేల్ ఐడ్సన్ అనే ఆయన అందులో దిగాడు. ఆయన అంబులెన్సులో పనిచేసేవాడు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించే సంచీ ఒకటి తీసుకుని, దాన్ని నీళ్ళతో నింపి, పొడుగు మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు కుట్టుకున్నాడు. గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి, బట్టలు ఆరవేసే క్లిప్పుతో బిగించాడు. మిగతావాళ్ళు సీసా కోసం హ్యాండిలు వదలవలసి వస్తుంటే ఈయన హాయిగా తాగుతూ తొక్కాడు. తరువాత ఆయన పెట్టిన కంపెనీ పేరు క్యామెల్‌బ్యాక్, అంటే ఒంటె వీపు. (ఒంటె మూపురంలో ఉండేది నీళ్ళు కాదు, కొవ్వు. ఆ సంగతి మరో నెలలో చూద్దాం.)

నడక ఆపకుండా, సంచి దించకుండా, కొంచెం కొంచెంగా తాగవచ్చు. ఆ గొట్టం చేసే మేలు ఇంతే. ఇది చిన్న మేలా, పెద్ద మేలా అన్నది తేలాలంటే చెమట సంగతి తెలియాలి.

కొత్తకుండలో నీళ్ళు చల్లబడతాయి గదా, ఎందుకు? కుండ ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలు. వాటిగుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీరు కుండలోని వేడిని తనతో తీసుకుపోతుంది. మన చర్మం మీది చెమటా అదే పని చేస్తుంది. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 580 కెలోరీల వేడి పోతుంది. అంటే ఆ ఒక్క గ్రామూ 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదన్నమాట!

అయితే మన కృష్ణాతీరంలో ఒక చిక్కున్నది. బెజవాడను వేళాకోళానికి బ్లేజువాడ అంటారు. ఎండ ఒకటే అయితే ఫరవాలేదు, ఉక్కపోత కూడా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున చెమట ఆవిరికాదు. బొట్లు బొట్లుగా నేలపాలవుతుంది. నీరు పోతుంది గాని ఒళ్ళు చల్లబడదు. ఒళ్ళు చల్లబడలేదని శరీరం ఇంకా చెమట పోయిస్తుంది. అందుకే పొడిగాలి ఊళ్ళలో రాసిన లెక్కలను మన కొండలకు యథాతథంగా అంటించరాదు.

శరీరం బరువులో నూటికి రెండు వంతుల నీరు పోతే చాలు, కాళ్ళు ఈడుస్తాయి, తలనొప్పి వస్తుంది. 35 కిలోల పిల్లవాడికి ఆ రెండు వంతులు ఎంత? 700 గ్రాములు. ఒక సీసాడు కూడా కాదు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. అది చెప్పుకోదగ్గ ఘనకార్యం కాదు.

చాలా ఏళ్ళ కిందట, ఫిబ్రవరి నెలాఖరున, మా బడిపిల్లలను కొండపల్లి కోట చూపించటానికి తీసుకుపోయాను. బయలుదేరే ముందు ఒక్కొక్కరి సీసా తట్టిచూసి, నిండుగా లేనివాళ్ళను వెనక్కి పంపి నింపించాను. నా అంతటి జాగ్రత్తపరుడు లేడని లోలోపల గర్వపడ్డాను కూడా. పదకొండు గంటల వేళ కోటగోడ దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కళ్ళు తిరిగి కూలబడింది. నీడలో పడుకోబెట్టి, ముఖానికీ మెడకూ తడిగుడ్డ వేశాం. నీళ్ళు పడదామని దాని సంచి విప్పితే, సీసా నేను పొద్దున చూసినప్పుడు ఎలా ఉన్నదో అలాగే ఉన్నది. మూత కూడా తీయలేదు!

తేరుకున్నాక, "నీళ్ళుండి ఎందుకు తాగలేదమ్మా?" అని అడిగాను. తలవంచుకుని ఊరుకుంది. మా టీచరమ్మ పక్కకు తీసుకుపోయి అడిగితే చెప్పింది. నీళ్ళు తాగితే ఒంటికి వస్తుంది, దారిలో ఎక్కడికి వెళ్ళాలో తెలియదు, మాస్టారిని అడగటానికి సిగ్గు. అందుకని పొద్దున్నుంచీ దాహం బిగబట్టుకున్నది. విచారిస్తే మరో ఆరుగురు ఆడపిల్లలూ అదే పని చేశారు.

నేను సీసాలు లెక్కపెట్టాను గాని, ఇది నాకు తట్టలేదు. ఆ తరువాత ఎప్పుడు ఎక్కడికి తీసుకుపోయినా, బస్సు ఎక్కే ముందే, ఎక్కడెక్కడ ఆగుతామో, ఆడపిల్లల వెంట ఏ టీచరు వెళతారో అందరికీ వినపడేలా చెప్పేవాణ్ణి. ఈ కుర్రవాడి బాబాయి పిల్లలలో ఆడపిల్లలు ఉంటే, పెద్దవాళ్ళు సంచి కొనేముందు ఈ ఏర్పాటు చెయ్యండి. దీనికి ఖర్చేమీ లేదు.

సరే, సంచికి వద్దాం. పిల్లవాడి పుస్తకాల సంచి వాడి బరువులో పదోవంతు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వం బడిసంచీల విధానంలో చెప్పింది. కొండ ఎక్కేటప్పుడూ ఆ లెక్కే పెట్టుకోండి. 35 కిలోలవాడికి మూడున్నర కిలోలు. ఖాళీసంచి అరకిలో అనుకుందాం. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నీళ్ళు కావాలి. ఉక్క ఎక్కువైతే ఇంకా ఎక్కువే. మూడు గంటలకు లీటరున్నర. లీటరు నీరు సరిగ్గా కిలో. వీటికి తోడు మరో అర లీటరు చిన్నసీసాలో వేరే ఉంచాలి. ఎందుకో తరువాత చెబుతాను. రెండున్నర కిలోలు అయిపోయినై. మిగిలిన కిలోలో పులిహోర, టోపీ, ఒక తువ్వాలు.

కాబట్టి లీటరున్నర తిత్తి చాలు. "పెద్దది కొంటే పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని మూడు లీటర్లది కొనిపెట్టే తల్లిదండ్రులు ఉంటారు. చొక్కా అలా కొంటే వదులుగా ఉంటుంది, అంతే. సంచి అలా కొంటే భుజాలు లాగుతుంది. పట్టీలు బిగించాక సంచి అడుగు నడుము దగ్గర ఆగాలి గాని పిరుదుల మీద ఊగరాదు. ఎదురు రొమ్ము మీద అడ్డపట్టీ ఉంటే మంచిది.

అసలు పరీక్ష తిత్తికే పెట్టాలి. దాని మూతి మీ పిడికిలి దూరేటంత ఉండాలి. లేకపోతే లోపల కడగలేరు. గొట్టం ఊడివచ్చేదై ఉండాలి. నోటితో కరిచే బిరడాకు మూసే మీట ఉండాలి. లేకపోతే బస్సులో ఎవరైనా దాని మీద కూచున్నారంటే మీ నీళ్ళన్నీ సీటుపాలే. ఇంటికి తెచ్చాక నీళ్ళు నింపి, పాత పేపరు మీద పెట్టి, పైన రెండు లావుపాటి పుస్తకాలు ఉంచి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున పేపరు తడిసిందా, దుకాణానికి తిరుగుటపా!

మంచి బడిసంచి ఇంట్లో ఉంటే తిత్తి ఒక్కటే కొన్నా చాలు. దాన్ని వీపుకు ఆనేవైపు నిలువుగా పెట్టి, గొట్టాన్ని జిప్పు సందులోనుంచి బయటికి తీయండి. టిఫిను డబ్బా మూల గుచ్చుకోకుండా మధ్యన తువ్వాలు పెట్టండి.

ఇక దోషాలు. మొదటిది, నీళ్ళు ఎన్ని మిగిలాయో కనపడదు. సీసా అయితే ఎత్తి చూస్తాం. తిత్తి సంచిలో దాగి ఉంటుంది. చప్పరించగా చప్పరించగా ఒకసారి గాలే వస్తుంది. అది కొండ కొమ్మున జరిగిందో, దిగేటప్పుడు నీళ్ళుండవు. కొండపల్లి కోటలో పాతకాలపు జలాశయం ఉన్నది గాని, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని పూర్వమే చెప్పుకునేవారు. నిలవ నీళ్ళు తాగవద్దు. ఆ చిన్నసీసా అర లీటరూ ఇందుకే. తిత్తిలో గాలి వచ్చిన చోటినుంచి వెనక్కి తిరగటమే, కోట చూసినా చూడకపోయినా.

రెండోది, గొట్టంలో నిలిచిన నీరు ఎండకు కాగుతుంది. తాగిన తరువాత గొట్టంలోకి ఒకసారి ఊదితే ఆ నీరు తిత్తిలోకి పోతుంది. మూడోది బూజు. మా మనవడు ఒకసారి ఆ తిత్తిలో ఉప్పువేసిన మజ్జిగ పోసుకున్నాడు. ఆలోచన మంచిదే, చెమటతో ఉప్పు కూడా పోతుంది గదా. కాని ఇంటికి వచ్చి దాన్ని కడగకుండా మంచం కింద పడేశాడు. వారం తరువాత ఆ గది ఎందుకు కంపుకొడుతున్నదో కనిపెట్టటానికి ఇల్లంతా కదిలింది. తిత్తిలో మంచినీళ్ళే పొయ్యాలి. మజ్జిగా, నిమ్మకాయ నీళ్ళూ సీసాలోనే. ఇంటికి రాగానే వంటసోడా నీళ్ళతో కడిగి, లోపలి గోడలు అంటుకోకుండా గరిటె ఒకటి దూర్చి, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టాలి.

తాతగారికి నా మనవి: మీ మరచెంబు మంచిదే. కాని మనవడు ప్రతి పావుగంటకూ ఆగి, సంచి దించి, మూత విప్పి తాగే రకమేనా? మీకు తెలుసు, నాకు తెలియదు. అలాంటివాడైతే రెండు సీసాలు చాలు, డబ్బు మిగులుతుంది. ఆటలో పడి దాహం మరిచిపోయే రకమైతే గొట్టం కొనిపెట్టండి.

ఇంకొక్కటి. ఎవరైనా చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, తికమకగా మాట్లాడితే అది ఒట్టి అలసట కాదు. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ, వెంటనే 108కి ఫోను చెయ్యమని పెద్దవాళ్ళతో చెప్పండి.

అబ్బాయీ, పొద్దున ఆరుగంటలకే ఎక్కటం మొదలుపెట్టండి. బయలుదేరే ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి, చెమటబట్టలు విప్పి బరువు తూచుకో. తగ్గిన బరువుకు దారిలో తాగిన నీళ్ళ బరువు కలిపితే నీ ఒంటినుంచి ఎంత నీరు పోయిందో దాదాపుగా తెలుస్తుంది. ఎన్ని గంటలు నడిచావో, ఆవేళ ఉక్కపోత ఉన్నదో లేదో కూడా రాసి, ఆ అంకె నాకు పంపు. మీ తాతగారు కూడా మీతో ఎక్కితే ఆయనదీ పంపు.