బీమా ఎంతవరకు? బాధ్యత ఎంతవరకు?

కారు కొన్న రోజున ఇరుగుపొరుగుకు మిఠాయి పంచుతాము. బీమా పత్రాన్ని మాత్రం చదవకుండానే మడిచి అరలో పెడతాము. పోలీసులు ఆపినప్పుడు చూపడానికే అది పనికివస్తుందని చాలామంది భావన. నిజానికి, మన వాహనం వల్ల మరొకరికి హాని కలిగినప్పుడు ఆ కుటుంబం వీధిన పడకుండా కాపాడే పత్రమది. ఎదుటివారి ప్రాణానికి, అవయవాలకు కలిగిన నష్టం మన మెడమీది బాకీ. ఆ బాకీని బీమా సంస్థ ఎంతవరకు మోస్తుందో, ఎక్కడ చేయి విడుస్తుందో ప్రతి ఇంటిపెద్దా తెలుసుకోవాలి.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేని వాహనం రోడ్డెక్కరాదు. ఎక్కితే మొదటిసారి 2,000, మరల పట్టుబడితే 4,000 రూపాయల జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. మూడవ వ్యక్తి మరణించినా, గాయపడినా బీమా సంస్థ చెల్లింపునకు మన దేశంలో ఇంత అనే అంకెల హద్దు లేదు. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత చెల్లించవలసిందే. హద్దు ఉన్నది ఆస్తి నష్టానికి: సాధారణంగా కారుకు 7.5 లక్షలు, ద్విచక్ర వాహనానికి 1 లక్ష. అంతకు మించినది యజమాని జేబు నుండి పోవలసినదే.

గాయానికి వెల ఎలా కడతారు? వైద్య ఖర్చులు, పోయిన సంపాదన, అనుభవించిన బాధ, ఇకముందు తగ్గిపోయే సంపాదన శక్తి, వీటన్నిటినీ విడివిడిగా లెక్కిస్తారు. ఉదాహరణకు ముప్పై ఏళ్ల దర్జీ నెలకు 15,000 సంపాదిస్తున్నాడనుకుందాం. చేయి దెబ్బతిని అతని సంపాదన శక్తి 40 శాతం తగ్గిందని తేలితే, ఏడాదికి నష్టం 72,000. ఆ వయసుకు వర్తించే గుణకం 17. అంటే ఈ ఒక్క పద్దు కిందనే 12,24,000 రూపాయలు. ఇంటి చాకిరీ చేసే గృహిణి శ్రమకు సైతం వెల కట్టవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ లెక్క తెలియకనే ఎన్నో పేద కుటుంబాలు పెద్దమనుషుల పంచాయతీలో ఏ యాభై వేలకో తలవూపి, కాగితంపై వేలిముద్ర వేసి వస్తున్నాయి.

ఇక మనవారి సంగతి. పెండ్లికి బంధువులను మన కారులోనే తీసుకుపోతాము. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారులో ఉచితంగా కూర్చున్నవారు ఆ పాలసీ దృష్టిలో 'మూడవ వ్యక్తి' కారు. బైకు వెనుక కూర్చున్నవారి పరిస్థితీ ఇదే. సమగ్ర పాలసీ అయితే వారికీ రక్షణ ఉంటుంది. వాహనం నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా ఉన్నది. అయితే అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికే గాని ఆసుపత్రి బిల్లులకు కాదు.

హద్దు లేదన్నంత మాత్రాన నిబంధన లేదని కాదు. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చినా, సొంత కారును కిరాయికి తిప్పినా అది పాలసీ షరతును మీరడమే. అట్టి కేసులలో సంస్థ ముందుగా బాధితునికి చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొమ్మని న్యాయస్థానాలు అనేకసార్లు ఆదేశించాయి. అప్పుడు ఇల్లు, పొలం అమ్ముకోవలసిన దుస్థితి. మైనరు బాలుడు బండి నడిపి ప్రమాదం చేస్తే, 2019 సవరణ ప్రకారం సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. పిల్లవాడు ముచ్చటపడ్డాడని తాళంచెవి చేతికిచ్చే తండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అల్లాహ్ అందరినీ కాపాడుగాక, ప్రమాదమే జరిగితే మొదటి పని చికిత్స. 2025 నాటి కేంద్ర పథకం కింద ఎంపిక చేసిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల మేరకు నగదు లేకుండానే వైద్యం లభిస్తుంది. తరువాత ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రి కాగితాలు, మందుల రసీదులు, సంపాదనకు ఆధారాలు భద్రపరచాలి. చట్టం ఆరు నెలల గడువు చెప్పినందున ఆలోగానే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. బాధితులు తాము నివసించే ప్రాంతంలోనైనా వేయవచ్చు. తప్పెవరిదో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు కోరే మార్గమూ ఉన్నది. గుద్దిన వాహనం జాడ దొరకకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ప్రభుత్వ పథకం ద్వారా వస్తాయి.

ఈ సంచిక పక్కన పెట్టిన వెంటనే ఆ పాలసీని బయటకు తీసి మూడు విషయాలు చూడండి: గడువు ఎప్పటివరకు, అది థర్డ్ పార్టీదా సమగ్రమా, బండి నడిపేవారందరి లైసెన్సులు చెల్లుబాటులో ఉన్నాయా. గడువు తీరి ఉంటే, కట్టేవరకు బండిని గుమ్మం దాటించకండి. దారిన పోయే మనిషికి మనం బాకీపడకుండా ఉండటానికి ఇంతకన్న తేలిక మార్గం లేదు.