ఎత్తు పెంచిన జీపు

ఈ నెల మా ముచ్చట జీపును గురించి. మా బావగారికి తిరుత్తణి అవతల మామిడితోట ఉంది. దారంతా గతుకులు. అందుకని ఆయన జీపు బాడీకీ ఛాసీకీ నడుమ రెండంగుళాల దిమ్మలు పెట్టించారు. పిల్లలతో సహా సుబ్రహ్మణ్యస్వామి కొండకు వెళ్ళి దిగుతుంటే రెండో గేరు జారిపోయింది, స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు పట్టబట్టి బతికాం.

తిరువళ్ళూరు మేస్త్రీ చూసి, "చొక్కా పైకి లాగితే మనిషి పొడుగవుతాడా అండీ?" అన్నాడు.

నిజమే. బాడీ లేచిందిగాని గేరుబాక్సూ, స్టీరింగు బాక్సూ ఛాసీ మీదనే ఉండిపోయాయి. ఇరుసుల కింద ఎత్తు రవ్వంతైనా పెరగలేదు. స్టీరింగు రాడ్డు కీళ్ళ దగ్గర వంకరపడింది. గేరురాడ్డు ఫ్లోరు కన్నం అంచుకు తగిలి, గేరు పూర్తిగా పడడం లేదు.

దీనికి మందు ఉంది. స్టీరింగు రాడ్డుకు ముక్క అతికి వెల్డింగు చేయించరాదు. సరియైన పొడవుగల రాడ్డే వేయించాలి. గేరు కన్నం పెద్దది చేసి, గేరురాడ్డును పొడిగించాలి. ఫోర్‌వీల్ రాడ్డుకూ అంతే. తరువాత చక్రాన్ని రెండువైపులా చివరంటా తిప్పి చూడాలి.

మేము గుమాస్తా బుద్ధికొద్దీ చట్టం తిరగేశాం. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తీర్పిచ్చింది. బావగారు మారుమాటాడక దిమ్మలు తీయించారు. తోటదారికి నాలుగు లోడ్ల గ్రావెలు పోయించాం. ఇప్పుడు పిల్లలు హాయిగా కునుకు తీస్తూ తోటకు వస్తున్నారు.