గృహవిజ్ఞానము: పసుపు మరక, సున్నపుకాయ

“పసుపు మరకపడిన తెల్లచీరను సబ్బుతో రుద్దగా మరక యెఱ్ఱనయ్యెను. సబ్బులో కల్తీ యున్నదా?” యని యొక సోదరి మాకు వ్రాసినది. సబ్బునందు దోషమేమియు లేదు. అది క్షారగుణము గలది. క్షారము సోకినంతనే పసుపు ఎఱ్ఱబడును. ఆ మరకపై నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును. పసుపును సున్నమును గలిపి మనము పారాణి చేయుటయు నీ ధర్మమును బట్టియే.

నిమ్మ, చింతపండు, పెరుగు మున్నగు పులుపులన్నియు ఆమ్లములు. ఇత్తడిచెంబుపై గట్టిన మకిలిని చింతపండు కరగించుటయు, కళాయిలేని గిన్నెలో పులుసు కిలుమెక్కుటయు ఒక్కటే చర్య. మనము మొదటిదానికి సంతసింతుము, రెండవదానికి వంటమనిషిని నిందింతుము! 1909లో డెన్మార్కు దేశపు సోరెన్‌సెన్ ఈ గుణములను గొలుచుటకు పీహెచ్ అను మానమును గల్పించెను. శుద్ధజలమునకు 7, నిమ్మరసమునకు సుమారు 2, సున్నపుతేటకు 12కు పైన.

ఆమ్లమును క్షారమును తగుపాళ్ల గలిసినచో రెండిటి తీవ్రతయు నశించి లవణమును నీరును బుట్టును. వేడియు బుట్టును. ఈ వేడిమాట తల్లులు మఱువరాదు. తాంబూలపు సున్నము పిల్లవాని కంట బడినపుడు, సున్నమునకు విరుగుడు పులుపేకదా యని నిమ్మరసము పిండ దలచువారు గలరు. అట్లు చేసిన ఆ వేడికి తోడు పులుపు మంటయు గలిసి కన్ను మఱింత చెడును. నేతిచుక్కలును వలదు. నూనెను సబ్బుగా మార్చు క్షారము కంటిపొరలలోని క్రొవ్వును గూడ నట్లే మార్చుచు లోనికి దిగును. కావుననే అది పెక్కు ఆమ్లములకంటె కంటికి ప్రమాదకరము. ఒక్క క్షణమైన జాగు సేయక, ఱెప్పలు విప్పి పట్టి, మంచినీటిధారతో అరగంటకు తక్కువగాకుండ కడుగవలెను. ఱెప్పల క్రింద జిక్కిన సున్నపు పలుకులను తడిగుడ్డ కొనతో మెల్లగా దీయవలెను. పిమ్మట బిడ్డ యేడుపు మానినను వైద్యుని యొద్దకు గొనిపోవలసినదే.

మరుగుదొడ్డి కడుగు ఆసిడును బ్లీచింగుపొడితో నెన్నడును గలుపరాదు. అందుండి వెలువడు క్లోరినువాయువు ఊపిరితిత్తులను గాల్చును.

ఇక సోదరి చీరమాట. సబ్బు జాడ పోవువఱకు నీట జాడించి యెండలో నారవేయవలెను. పసుపురంగు ఎండకు నిలువదు.