కారణం చెప్పవలసింది ఎవరు?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగంపై కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే సంస్థలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, దానిని కాదంటే ఎందుకు కాదన్నారో సమర్థించుకోవాలని ఆ విధానం చెబుతున్నది. సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులతో పంచుకోవచ్చు, రాయల్టీ చెల్లించనక్కరలేదు. ప్రజాధనం ఖర్చు పెట్టే ప్రభుత్వానికి ఇంతకంటే తగిన ఏర్పాటు మరొకటి ఉండదు. మెచ్చుకోదగిన విధానమే.

ఎనిమిదేళ్ల తరువాత, 2023 మే నెల ఆరంభంలో, పద్నాలుగు మెసేజింగ్ యాప్‌లను కేంద్రం నిషేధించినట్లు వార్తలు వచ్చాయి. జమ్మూ కాశ్మీర్‌లోని ఉగ్రవాదులకు పాకిస్తాన్ నుంచి వాటి ద్వారా ఆదేశాలు అందుతున్నాయన్నది అధికార వర్గాలు చెప్పిన కారణం. ఆ జాబితాలో ఉన్న బ్రయర్, ఎలిమెంట్ రెండూ ఓపెన్ సోర్స్ యాప్‌లే. ఎలిమెంట్‌కు పునాది అయిన మ్యాట్రిక్స్ ప్రమాణం మీదనే ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం సొంత సందేశ వ్యవస్థను నిర్మించుకున్నది. జర్మనీ సైన్యం కూడా అదే పని చేసింది. ఇక బ్రయర్‌కు కేంద్ర సర్వర్ అంటూ లేదు. ఇంటర్నెట్ ఆగిపోయినా దగ్గరలో ఉన్న ఫోన్ల మధ్య బ్లూటూత్ ద్వారా సందేశాలు చేరవేస్తుంది. 2019 ఆగస్టు తరువాత నెలల తరబడి ఇంటర్నెట్ లేకుండా గడిపిన కాశ్మీరులో అటువంటి యాప్ సామాన్యుడికి ఎందుకు అవసరమో విడమరచి చెప్పనక్కరలేదు.

ఉగ్రవాదులు ఈ యాప్‌లను వాడి ఉండవచ్చు. ఆ ఆరోపణను కొట్టివేయడం నా ఉద్దేశం కాదు. దానిని పరిశీలించేందుకు పౌరుడి చేతికి కాగితమేదీ ఇవ్వలేదన్నదే నా అభ్యంతరం. ఓపెన్ సోర్స్‌ను వద్దన్న సరఫరాదారు కారణం చూపాలట. అదే ఓపెన్ సోర్స్‌ను దేశమంతటికీ వద్దన్న ప్రభుత్వం మాత్రం చూపనక్కరలేదు!

ఈ గోప్యతకు ఆధారం ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ కింద 2009లో చేసిన నిబంధనలు. నిషేధానికి సంబంధించిన ఫిర్యాదులను, చర్యలను రహస్యంగా ఉంచాలని వాటిలోని 16వ నిబంధన అంటున్నది. 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన సుప్రీంకోర్టు, 69ఎను మాత్రం నిలబెట్టింది. కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి కనుక, 226వ అధికరణం కింద హైకోర్టులో వాటిని సవాలు చేయవచ్చునన్నది ఆ తీర్పులోని ఒక ముఖ్యమైన తర్కం. రాసిన కారణాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే సవాలు చేసేదెట్లా? బ్రయర్, ఎలిమెంట్‌లపై నిషేధాన్ని కేరళకు చెందిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు హైకోర్టులో ప్రశ్నించారు. వారికి ఎదురైన మొదటి గోడ ఇదే.

తెర వెనుక నిర్ణయాలు ఎంత దూరం పోతాయో వీఎల్‌సీ ఉదంతం చూపింది. పాటలు, వీడియోల కోసం కోట్లాది మంది వాడుకునే ఆ ఉచిత ప్లేయర్‌ను ఫ్రాన్స్‌లోని ఒక లాభాపేక్ష లేని సంస్థ నిర్వహిస్తున్నది. దాని వెబ్‌సైట్ 2022లో మన దేశంలో నెలల తరబడి తెరుచుకోలేదు. అక్టోబరులో ఆ సంస్థ లీగల్ నోటీసు ఇచ్చింది; నవంబరులో నిషేధం తొలగింది.

ఇంటర్నెట్‌ను పూర్తిగా నిలిపివేసే ఉత్తర్వులనే ప్రచురించాలని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక ప్రాంతాన్నంతటినీ చీకటిలో ఉంచే ఉత్తర్వు బహిరంగం కావలసినప్పుడు, ఒక యాప్‌ను ఆపే ఉత్తర్వుకు అంత గోప్యత ఎందుకు? నిఘా సమాచారం బయటపడుతుందంటారా? ఆ వాక్యాలను కొట్టివేసి మిగిలినది ప్రచురించవచ్చు.

నిషేధాలను సమీక్షించేందుకు ఒక కమిటీ ఉన్నది. కేబినెట్ కార్యదర్శి, న్యాయ వ్యవహారాల కార్యదర్శి, టెలికాం కార్యదర్శి అందులో సభ్యులు. ప్రభుత్వ నిర్ణయం సరైనదేనా అని ప్రభుత్వమే తనను తాను అడిగి తెలుసుకునే ఏర్పాటన్నమాట. ఆ కమిటీలో ఒక విశ్రాంత న్యాయమూర్తిని చేర్చడానికి, నిషేధపు తేదీనీ కారణాన్నీ గడువునూ ప్రచురించడానికి 69ఎ సెక్షన్ జోలికి పోనక్కరలేదు. 2009 నాటి నిబంధనలను సవరిస్తూ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు.