జీతం కోత ఒక్కటే చాలదు
అమెరికాలో 2025 అక్టోబరు 1న మొదలై 43 రోజులు సాగిన ప్రభుత్వ స్తంభన తర్వాత, గడువులోగా బడ్జెట్‌ను ఆమోదించని కాంగ్రెస్ సభ్యులకు జీతం ఆపాలన్న వాదన బలపడింది. ఆ ఆగ్రహం ముమ్మాటికీ న్యాయమైనదే. విమానాల రాకపోకలను నియంత్రించే సిబ్బంది చేతికి పైసా అందకుండానే రేయింబవళ్లు విధుల్లో నిలిచారు. దాదాపు 4.2 కోట్ల మంది ఆధారపడిన ఆహార సాయానికి నవంబరులో అంతరాయం కలిగింది. ఆ వారాలన్నింటా చట్టసభ సభ్యుల జీతానికి మాత్రం రాజ్యాంగమే భరోసా. అయినా ఈ మందు ఒక్కటే రోగాన్ని కుదర్చదు. ఏడాదికి 1,74,000 డాలర్ల జీతం ఆగితే కోటీశ్వరుడైన సభ్యుడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. దానిమీదే ఇల్లు గడిపే సభ్యుడు మాత్రం ముందుగా లొంగిపోతాడు. బడ్జెట్‌ను జీతానికి ముడిపెట్టిన 2013నాటి చట్టం ఉభయసభలనూ బడ్జెట్ తీర్మానాల వరకే నడిపించింది. అయినా అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం 16 రోజులు మూతపడింది. 2010లో కాలిఫోర్నియా ఓటర్లు జీతం కోతను ఆమోదించడంతోపాటు, బడ్జెట్‌కు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలన్న నిబంధననూ తొలగించారు. అక్కడ ఏళ్లతరబడి సాగిన జాప్యానికి తెరపడిందంటే ఆ రెండో మార్పే ప్రధాన కారణమని మా అభిప్రాయం. గడువు దాటిన మరుక్షణం నిరుటి స్థాయిలో నిధులు వాటంతటవే విడుదలయ్యే చట్టాన్ని కాంగ్రెస్ ముందుగా తేవాలి. జీతం కోతను కూడా చేర్చదలిస్తే, రాజ్యాంగ 27వ సవరణ ప్రకారం అది వచ్చే ఎన్నికల తర్వాతే అమల్లోకి రావాలి. కనుక ఆ బిల్లును ఇప్పుడే ఆమోదించాలి.